ఏడాదిలో బీఎస్సీ నర్సింగ్: ఎవరికి నిజం, ఎవరికి బేరం

ఇంటర్ ఫలితాలు వచ్చి ఎప్‌సెట్ ర్యాంకుల లెక్కలు తేలే నాటికి హనుమకొండ, కరీంనగర్, మంచిర్యాల వైపు ఫోన్లలో ఒక రకం ప్రకటనలు తిరగడం మొదలవుతుంది. ‘ఏడాదిలో బీఎస్సీ నర్సింగ్’, ‘ఉద్యోగం మానకుండానే డిగ్రీ’, ‘ఇంట్లో ఉండి చదవండి, అమెరికా వెళ్లండి’. ఇంటర్ బైపీసీ పిల్లల తల్లిదండ్రులూ చూస్తారు, జీఎన్ఎం (మూడేళ్ల నర్సింగ్ డిప్లొమా) చేసి ప్రైవేటు ఆసుపత్రిలో నైట్ డ్యూటీలు చేస్తున్న సిస్టర్లూ చూస్తారు, బీటెక్ చేసి పెళ్లయి డాలస్ వెళ్లిన ఆడపిల్లలూ చూస్తారు. ముగ్గురికీ అదే ప్రకటన.

చిక్కేమిటంటే, ఆ మాటల్లో ఏదీ పూర్తిగా అబద్ధం కాదు. ఏడాదిలో నర్సింగ్ డిగ్రీ ఇచ్చే కోర్సులు అమెరికాలో ఉన్నాయి. ఆన్‌లైన్‌లో చదివి బీఎస్సీ నర్సింగ్ తెచ్చుకున్నవాళ్లు అక్కడ కోకొల్లలు. మన దేశంలోనూ పనిచేసే నర్సులకు దూరవిద్యలో డిగ్రీ ఇచ్చిన కేంద్ర ప్రభుత్వ యూనివర్సిటీ ఉంది. కాకపోతే ఆ సౌకర్యం ఎవరికి వర్తిస్తుందో చెప్పే సగం వాక్యాన్ని ప్రకటనలో కోసేస్తారు. కోసేసిన ఆ సగంలోనే అసలు సంగతంతా ఉంది.

అమెరికాలో ఏం తగ్గిస్తారు

అమెరికాలో మామూలు బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. అందులో మొదటి సగంలో నర్సింగ్ పెద్దగా ఉండదు. ఇంగ్లీషు, చరిత్ర, సైకాలజీ, స్టాటిస్టిక్స్, కెమిస్ట్రీ, అనాటమీ వంటివి చదివిస్తారు. నర్సింగ్ పాఠాలు, ఆసుపత్రి పోస్టింగులు రెండో సగంలో వస్తాయి. వేరే సబ్జెక్టులో డిగ్రీ ఇప్పటికే ఉన్న మనిషితో మొదటి సగం మళ్లీ చదివించడం దండగ కాబట్టి, అలాంటివాళ్ల కోసం ‘యాక్సిలరేటెడ్’ కోర్సు పెట్టారు. నర్సింగ్ భాగాన్ని మాత్రం ఏమీ వదలరు. వేసవి సెలవులు తీసేసి, 11 నుంచి 18 నెలల్లో దాన్నంతా చదివిస్తారు. వారంలో కొన్ని రోజులు ఉదయం ఏడింటికల్లా వార్డులో ఉండాలి, మిగతా రోజులు క్లాసులు, పరీక్షలు. చదువుకుంటూ ఉద్యోగం చేయవద్దని చాలా కాలేజీలు ముందే చెబుతాయి.

ఈ కోర్సులో చేరాలన్నా ముందు కొన్ని సబ్జెక్టులు పూర్తయి ఉండాలి. అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ, కెమిస్ట్రీ, స్టాటిస్టిక్స్ మామూలుగా అడుగుతారు. సైన్స్ సబ్జెక్టులు ఐదేళ్ల లోపో, ఏడేళ్ల లోపో చదివినవే చెల్లుతాయనే నిబంధన కూడా చాలాచోట్ల ఉంది. బీఫార్మసీ, మైక్రోబయాలజీ చదివినవాళ్లకు ఇందులో కొంత కలిసొస్తుంది. ఎంపీసీ మీదుగా బీటెక్ చేసినవాళ్లకు బయాలజీ పదో తరగతితోనే ఆగిపోయి ఉంటుంది. వాళ్లు ముందుగా కమ్యూనిటీ కాలేజీలో, అంటే రెండేళ్ల కోర్సులు నడిపే స్థానిక కాలేజీలో, ఆ సబ్జెక్టులు చదువుకోవాలి. ఏడాది కోర్సు రెండేళ్లు అయ్యేది అక్కడే.

రెండో రకం కోర్సు పూర్తిగా వేరు. అమెరికాలో రిజిస్టర్డ్ నర్సు కావడానికి బీఎస్సీ అక్కర్లేదు. కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ చేసి, ఎన్‌క్లెక్స్ అనే లైసెన్సు పరీక్ష పాసైతే చాలు. బీఎస్సీ వాళ్లు రాసేదీ అదే పరీక్ష. అలా లైసెన్సు తెచ్చుకుని ఆసుపత్రిలో పనిచేస్తున్న నర్సు, తర్వాత డిగ్రీ కావాలనుకుంటే చేసేదే ‘ఆర్ఎన్ టు బీఎస్ఎన్’. ఇది చాలావరకు ఆన్‌లైన్‌లో నడుస్తుంది. పరిశోధన పద్ధతులు, కమ్యూనిటీ హెల్త్, నాయకత్వం, రాతపని ఇందులో ప్రధానం. సూది వేయడం, డ్రెస్సింగ్ చేయడం నేర్పరు, ఎందుకంటే చేరేవాళ్లకు అవి ముందే వచ్చు.

ఈ రెండో కోర్సుకు గిరాకీ ఊరికే రాలేదు. 2003లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో లిండా ఐకెన్ బృందం పెన్సిల్వేనియాలోని 168 ఆసుపత్రుల లెక్కలు ప్రచురించింది. డిగ్రీ ఉన్న నర్సుల వాటా 10 శాతం పెరిగిన చోట, శస్త్రచికిత్స రోగులు నెల రోజుల్లోపు చనిపోయే అవకాశం 5 శాతం తక్కువగా కనిపించింది. 2010లో అక్కడి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్, 2020 నాటికి నర్సుల్లో 80 శాతం మందికి బీఎస్సీ ఉండాలని లక్ష్యం పెట్టింది. 2017 చివర్లో న్యూయార్క్ రాష్ట్రం, కొత్తగా లైసెన్సు పొందే నర్సులు పదేళ్లలోపు డిగ్రీ తెచ్చుకోవాలని చట్టమే చేసింది. దాంతో ఉద్యోగం మానకుండా చదివే దారి అవసరమైంది.

అంటే అక్కడ వేగానికైనా, ఆన్‌లైన్‌కైనా పునాది ఒక్కటే: మనిషి దగ్గర ముందే ఏదో ఉండాలి. డిగ్రీ ఉంటే జనరల్ సబ్జెక్టులు తగ్గుతాయి. లైసెన్సు ఉంటే వార్డు పని తగ్గుతుంది. రెండూ లేని ఇంటర్ పాసైన పిల్లకు తగ్గించడానికి ఏమీ లేదు.

ఇక్కడ ఏం కుదరదు

మన బీఎస్సీ నర్సింగ్ కట్టుబడే వేరు. ఇక్కడ మొదటి సెమిస్టర్ నుంచే నర్సింగ్ ఫౌండేషన్స్ మొదలవుతుంది, తెల్ల కోటు వేసుకుని వార్డుకు వెళ్లడం మొదలవుతుంది. ఇంగ్లీషు, సోషియాలజీ, సైకాలజీ లాంటివి కొద్దిగానే. కాబట్టి వేరే డిగ్రీ ఉన్నవాళ్లకు మినహాయించగలిగిన పెద్ద ముక్క అంటూ లేదు. బీఎస్సీ లైఫ్ సైన్సెస్ చేసిన అమ్మాయైనా సరే, వరంగల్‌లో బీఎస్సీ నర్సింగ్‌లో చేరితే మొదటి సెమిస్టర్ నుంచే మొదలుపెట్టాలి.

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2021లో తెచ్చిన సవరించిన నిబంధనల ప్రకారం కోర్సు ఎనిమిది సెమిస్టర్లు. ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లీషు ఉండాలి. పరీక్షకు కూర్చోవాలంటే థియరీలో, ప్రాక్టికల్‌లో 80 శాతం హాజరు కావాలి. డిగ్రీ పట్టా చేతికి రావాలంటే మాత్రం ప్రాక్టికల్స్‌లో 100 శాతం పూర్తిచేసి ఉండాలి. జ్వరం వచ్చి పది రోజులు పోయినా, పెళ్లికి వెళ్లి వారం పోయినా, ఆ పోస్టింగ్ తర్వాత చేసి తీరాల్సిందే. ఆఖరి సెమిస్టర్ మొత్తం ఇంటర్న్‌షిప్: 22 వారాలు, వారానికి 48 గంటలు. దీన్ని ఫోన్‌లో చేయించే మార్గం ఎవరి దగ్గరా లేదు.

దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సుల మీద యూజీసీ 2020లో చేసిన నిబంధనల్లో, ఆ పద్ధతిలో నడపకూడని వాటిలో మెడికల్, డెంటల్, ఫార్మసీ, ఫిజియోథెరపీలతో పాటు నర్సింగ్ కూడా ఉంది. 2025 జూలై-ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీ, మైక్రోబయాలజీ, పోషకాహారం లాంటి ఆరోగ్య అనుబంధ కోర్సులను కూడా దూరవిద్యలో ఆపేయమంది. గాలి ఎటు వీస్తోందో దీన్నిబట్టే తెలుస్తుంది. ‘ఆన్‌లైన్ బీఎస్సీ నర్సింగ్, యూజీసీ గుర్తింపు’ అని ఎవరైనా రాస్తే, ఆ యూనివర్సిటీకి యూజీసీ గుర్తింపు ఉండొచ్చు, ఆ కోర్సుకు మాత్రం ఉండదు. ఈ రెంటినీ కలిపి చెప్పడం పాత ఎత్తుగడ.

ఇక్కడ ఒక మినహాయింపు చెప్పుకోవాలి. ఇగ్నో 1990ల నుంచి పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్ కోర్సును దూరవిద్యలో నడిపింది. జీఎన్ఎం పూర్తిచేసి, రిజిస్టరై, కనీసం రెండేళ్లు పనిచేసిన నర్సులకే అందులో ప్రవేశం. ఎంట్రన్స్ రాయాలి. రెగ్యులర్‌గా రెండేళ్లలో అయ్యే కోర్సు అందులో కనీసం మూడేళ్లు పట్టేది. ప్రాక్టికల్ తరగతులకు సెంటర్‌కు వెళ్లి హాజరు కావడం తప్పనిసరి. దూరవిద్య అంటే తొందరగా అయిపోతుందనుకునేవాళ్లు గమనించాల్సిన సంగతి ఇది: నిజాయితీగా నడిపినచోట కోర్సు పొడిగింది, తగ్గలేదు. ఏ ఏడాది ప్రవేశాలు ఇస్తున్నారో ఆ ఏడాది నోటిఫికేషన్ చూసుకోవాలి, ఏజెంటు మాట మీద కాదు.

వార్డులో ఏముంది

అసలు వార్డు గంటల మీద ఇంత పట్టుదల ఎందుకన్న అనుమానం రావచ్చు. సిమ్యులేటర్లు వచ్చాయి, వీడియోలు వచ్చాయి, కాన్యులా (సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే సన్నని గొట్టం) వేయడం యూట్యూబ్‌లో ఎన్నిసార్లయినా చూడొచ్చు కదా.

వరంగల్ ఎంజీఎం లాంటి వెయ్యి పడకల ఆసుపత్రిలో వానాకాలం ఒక సాయంత్రం ఊహించుకుంటే చాలు. రెండు రోజులుగా వాంతులు, విరేచనాలతో ములుగు వైపు నుంచి తెచ్చిన ముసలమ్మ. ఒంట్లో నీరు లేక నరాలు అణిగిపోయి ఉంటాయి. మోచేతి పైన టోర్నికెట్ పట్టీ బిగించి, కళ్లతో కాకుండా వేలితో తడిమి నరం వెతకాలి. ముడతపడిన చర్మాన్ని బొటనవేలితో కిందికి లాగి పట్టాలి, లేకపోతే నరం పక్కకు జారుతుంది. సూదిని ఏటవాలుగా పంపి, వెనక చాంబర్‌లో రక్తం తొంగిచూడగానే సూది ఏటవాలును ఇంకా తగ్గించి, కాస్తంత ముందుకు జరిపి, అక్కడి నుంచి ప్లాస్టిక్ గొట్టాన్ని మాత్రమే నెట్టాలి. ఒక్క మిల్లీమీటరు ఎక్కువ వెళ్లినా నరం చిరిగి చెయ్యి ఉబ్బుతుంది. వీడియోలో ఇది పదిహేను సెకన్ల పని. వార్డులో పక్కనే కొడుకు నిలబడి ‘ఇంకెన్నిసార్లు గుచ్చుతరు సిస్టర్’ అంటుంటాడు, అవతలి మంచం మీద ఇంకొకరు సెలైన్ అయిపోయిందని పిలుస్తుంటారు, చెయ్యి వణక్కూడదు. ఆ టెన్షన్‌లో నరం దొరకబుచ్చుకోవడమే నేర్చుకోవాల్సింది. మొదటిసారి తప్పుతుంది. సీనియర్ పక్కనుండగా తప్పాలి, అందుకే పోస్టింగులు.

నర్సు పనిలో పెద్ద భాగం ఇంతకంటే కంటికి కనిపించనిది. ఆపరేషనై వచ్చిన రోగి నాడి నెమ్మదిగా పెరుగుతోందని, మూత్రం సంచి గంట నుంచి అంతే ఉందని, మాట కాస్త తడబడుతోందని ముందుగా పసిగట్టి డ్యూటీ డాక్టర్‌ను పిలవడం. అది పాఠంగా చెప్పొచ్చు, పరీక్షలో రాయించొచ్చు. వంద మంది రోగులను చూడకుండా వంటబట్టదు.

రెగ్యులర్ కాలేజీల్లో అంతా సవ్యంగా ఉందని కూడా కాదు. ముగ్గురు రోగులకు ఒక విద్యార్థి చొప్పున ఉండాలన్నది కౌన్సిల్ ప్రమాణం. నగరంలోని అనేక నర్సింగ్ కాలేజీల పిల్లలు, మెడికల్ విద్యార్థులు ఒకే సర్కారు దవాఖాన చుట్టూ చేరినప్పుడు, ఒక మంచం చుట్టూ ఆరుగురు నిలబడి ఒకరు చేసేది ఐదుగురు చూడటం జరుగుతుంది. కేస్ బుక్‌లో మాత్రం ఆరుగురూ చేసినట్టు సంతకాలు పడతాయి. నాలుగేళ్లు క్లాసుకు పోయినంత మాత్రాన చెయ్యి తిరుగుతుందన్న గ్యారంటీ లేదు. ఉత్తర తెలంగాణలో కొత్త మెడికల్ కాలేజీలు రావడం ఈ విషయంలో మేలే. మహబూబాబాద్, మంచిర్యాల, జగిత్యాల, రామగుండం, భూపాలపల్లి, ఆసిఫాబాద్ లాంటి చోట్ల బోధనాసుపత్రులు పెరిగితే పోస్టింగులకు మంచాలు పెరుగుతాయి. వరంగల్ పాత సెంట్రల్ జైలు స్థలంలో 2021 జూన్‌లో శంకుస్థాపన జరిగిన 24 అంతస్తుల ఆసుపత్రి మీద కూడా నర్సింగ్ కాలేజీలకు అదే ఆశ.

పోస్ట్ బేసిక్, ‘నాన్ అటెండింగ్’ వ్యవహారం

జీఎన్ఎం మూడేళ్లు చేసి పనిచేస్తున్న నర్సుకు ఇక్కడ చట్టబద్ధంగా ఉన్న దగ్గరి దారి పోస్ట్ బేసిక్ బీఎస్సీ, రెండేళ్లు. తెలంగాణలో ఈ సీట్ల నోటిఫికేషన్ వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు హెల్త్ యూనివర్సిటీ ఇస్తుంది. ఇంటర్ పాసై ఉండాలి, జీఎన్ఎం రిజిస్ట్రేషన్ ఉండాలి. అమెరికా ‘ఆర్ఎన్ టు బీఎస్ఎన్’కు మన దగ్గర సమానం ఇదే, ఒక్క తేడాతో: ఇది ఫుల్ టైమ్. రెండేళ్లు జీతం వదులుకోవాలి. అందుకే ‘నాన్ అటెండింగ్’ బేరం పుట్టింది. ఫీజుకు పైన కొంత కట్టండి, పరీక్షలకు వస్తే చాలు, హాజరు మేం చూసుకుంటాం అంటారు. పొరుగు రాష్ట్రాల కాలేజీల పేర్లతో ఈ బేరం ఎక్కువ.

నైట్ డ్యూటీ దిగి, ఇంటికెళ్లి పిల్లల్ని బడికి పంపి, మధ్యాహ్నం నాలుగు గంటలు నిద్రపోయే మనిషికి ఈ మాట ఎంత తియ్యగా వినిపిస్తుందో అర్థం చేసుకోవచ్చు. పైగా ఆమెకు పని వచ్చు. పదేళ్లుగా ఐసీయూ చూస్తున్నదాన్ని, వార్డుకు వెళ్లి కొత్తగా నేర్చుకునేదేముంది అనుకుంటుంది. ఆ వాదనలో కొంత న్యాయముంది కూడా. పనిచేస్తున్న నర్సుల అనుభవాన్ని గంటలుగా లెక్కగట్టే సాయంకాలపు, వారాంతపు పోస్ట్ బేసిక్ కోర్సు ఒకటి పద్ధతిగా రూపొందించకపోవడం మన వ్యవస్థ లోపమే. 1947 నాటి చట్టం స్థానంలో 2023లో పార్లమెంటు నేషనల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేసింది. కొత్త కమిషన్ దృష్టి పెట్టాల్సిన మొదటి పనుల్లో ఇదొకటి.

లోపం వ్యవస్థదే అయినా, దెబ్బ తగిలేది మాత్రం నర్సుకు. ఎలాగంటే, పట్టా చేతికొచ్చినప్పుడు ఎవరూ ఏమీ అడగరు. నాలుగేళ్ల తర్వాత ఇంకో దేశం అడుగుతుంది. అమెరికాకు సీజీఎఫ్ఎన్ఎస్ (2025 నుంచి దాని పేరు ట్రూమెరిట్), గల్ఫ్‌కు డేటాఫ్లో లాంటి సంస్థలు అభ్యర్థి ఇచ్చిన జిరాక్సులు నమ్మవు. నేరుగా కాలేజీకి, కౌన్సిల్‌కు, పనిచేసిన ఆసుపత్రికి రాసి తెప్పించుకుంటాయి. ట్రాన్‌స్క్రిప్ట్‌లో, అంటే కాలేజీ ఇచ్చే చదువు వివరాల పత్రంలో, ఒక్కో సబ్జెక్టు ఎదురుగా రెండు గడులుంటాయి, థియరీ గంటలు ఒకటి, క్లినికల్ గంటలు ఒకటి. మెడికల్-సర్జికల్, పిల్లల విభాగం, ప్రసూతి, మానసిక వైద్యం విడివిడిగా చూస్తారు. వీటి పక్కనే ఉద్యోగానుభవం సర్టిఫికెట్ పెడితే సంగతి బయటపడుతుంది. హనుమకొండ ఆసుపత్రిలో ఫుల్ టైమ్ డ్యూటీ చేసినట్టున్న తేదీల్లోనే వందల కిలోమీటర్ల అవతల కాలేజీ వార్డులో పోస్టింగ్ చేసినట్టు ఉంటే, రెండింట్లో ఒకటి అబద్ధమని చెప్పడానికి పెద్ద దర్యాప్తు అక్కర్లేదు.

దొంగ పట్టాల బెడద మనకే పరిమితం కాదు. 2023 జనవరిలో ‘ఆపరేషన్ నైటింగేల్’ పేరుతో అమెరికా ఫెడరల్ అధికారులు ఫ్లోరిడాలోని మూడు నర్సింగ్ స్కూళ్ల గుట్టు బయటపెట్టారు. 7,600కు పైగా దొంగ డిప్లొమాలు, ట్రాన్‌స్క్రిప్టులు అమ్మారన్నది అభియోగం. 25 మంది మీద కేసులు పెట్టారు. కొన్నవాళ్లలో దాదాపు 2,400 మంది ఎన్‌క్లెక్స్ పరీక్ష పాసయ్యారు కూడా. పరీక్ష పాస్ కావడానికి, నర్సు కావడానికి మధ్య ఎంత దూరముందో ఆ ఒక్క అంకె చెబుతుంది. ఆ తర్వాత రాష్ట్రాల బోర్డులు ఒక్కొక్కటిగా లైసెన్సులు రద్దు చేయడం, ట్రాన్‌స్క్రిప్టుల తనిఖీ బిగించడం మొదలుపెట్టాయి.

డిగ్రీ వస్తే ఏం మారుతుంది

ఇదంతా చూశాక అడగాల్సిన ప్రశ్న, అసలు ఆ జీఎన్ఎం నర్సుకు బీఎస్సీ అంత అవసరమా అని. తెలంగాణ సర్కారు ఉద్యోగమే లక్ష్యమైతే, నర్సింగ్ ఆఫీసర్ పోస్టుకు జీఎన్ఎం అయినా సరిపోతుంది, బీఎస్సీ అయినా సరిపోతుంది. మెడికల్ రిక్రూట్‌మెంట్ బోర్డు 2022 చివర్లో 5,204 పోస్టులకు, 2024 సెప్టెంబరులో 2,050 పోస్టులకు నోటిఫికేషన్లు ఇచ్చినప్పుడు పద్ధతి అదే. రాతపరీక్షకు 80 మార్కులు, ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సర్వీసుకు 20 మార్కులు. అంటే రెండేళ్లు పోస్ట్ బేసిక్ చేసినందుకు ఈ పరీక్షలో అదనంగా ఒక్క మార్కూ రాదు. అదే రెండేళ్లు సర్కారు దవాఖానలో కాంట్రాక్టు మీద చేస్తే వస్తాయి.

ఎయిమ్స్ ఆసుపత్రుల్లో నర్సు పోస్టులకు పెట్టే నార్‌సెట్ పరీక్షలో కథ వేరు. జీఎన్ఎం వాళ్లకు 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం కావాలి, బీఎస్సీ వాళ్లకు ఆ షరతు లేదు. నర్సింగ్ కాలేజీలో ట్యూటర్ కావాలన్నా, ఎంఎస్సీ చేయాలన్నా డిగ్రీ తప్పదు. పల్లె దవాఖానల్లో కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్ పోస్టులకు, పాత పాఠ్యప్రణాళికలో చదివినవాళ్లు ఆరు నెలల బ్రిడ్జి కోర్సు చేయాల్సి వచ్చింది. కొత్త బీఎస్సీలో ఆ పాఠాలు కలిపేశారు. చెప్పాలంటే ఆ బ్రిడ్జి కోర్సే మన దగ్గర పొట్టి కోర్సుకు మంచి నమూనా: నర్సుగా రిజిస్టరైన మనిషికి, లేనిదేదో అది మాత్రమే, ఆసుపత్రికి రప్పించి నేర్పారు.

విదేశాల సంగతి దేశాన్నిబట్టి ఉంటుంది. సౌదీ ఆరోగ్యశాఖ నియామకాల్లో బీఎస్సీ గానీ పోస్ట్ బేసిక్ గానీ అడగడం మామూలు. జగిత్యాల, నిజామాబాద్ వైపు గల్ఫ్ దారి తెలిసిన కుటుంబాలు డిగ్రీ కోసం పట్టుబట్టడానికి ఒక కారణం ఇది. జర్మనీకి జీఎన్ఎం కూడా పనికొస్తుంది, అక్కడ కాలం తినేది భాష. బీ1, బీ2 స్థాయి జర్మన్‌కు నెలల తరబడి కూర్చోవాలి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు ఈ శిక్షణ ఇప్పించి పంపుతోంది. ఇలాంటివాటికి ఆన్‌లైన్ క్లాసులు బాగా పనికొస్తాయి. భాష, ఓఈటీ (వైద్య రంగంవాళ్ల ఇంగ్లీషు పరీక్ష), ఎన్‌క్లెక్స్ ప్రశ్నలు, నార్‌సెట్ కోచింగ్, వీటన్నిటికీ ఫోన్ చాలు. నర్సింగ్ చదువులో ఆన్‌లైన్‌కు ఉన్న నిజమైన చోటు అదే, దాన్ని చిన్నచూపు చూడనక్కర్లేదు.

అమెరికా వెళ్లడానికి అక్కడి డిగ్రీ కావాలన్నది మరో అపోహ. వరంగల్‌లో చదివిన నర్సు చదువును మదింపు చేయించుకుని, ఏదో ఒక రాష్ట్ర బోర్డు అనుమతి తీసుకుని, హైదరాబాద్ సెంటర్‌లోనే ఎన్‌క్లెక్స్ రాయొచ్చు. ఆ పైన ఆగేది వీసా దగ్గర. నర్సులు వెళ్లే ఈబీ-3 గ్రీన్‌కార్డు వరుసలో భారతీయుల వంతు పదేళ్లకు పైగా వెనకబడి ఉంది.

అందుకే స్టూడెంట్ వీసా మీద అక్కడికి వెళ్లి ఏడాది కోర్సు చేయమనే సలహా మరీ ప్రమాదకరం. ఎఫ్-1 వీసా వాళ్లకు ఒక సెమిస్టర్‌లో లెక్కలోకి వచ్చే ఆన్‌లైన్ కోర్సు ఒక్కటే, కాబట్టి ఆన్‌లైన్ డిగ్రీకి ఆ వీసా రాదు. క్యాంపస్ కోర్సే చేసినా, చదువయ్యాక ఎక్కువ కాలం పనిచేయనిచ్చే సైన్స్, టెక్నాలజీ కోర్సుల ‘స్టెమ్’ జాబితాలో నర్సింగ్ లేదు, చదువయ్యాక పనికి దొరికేది 12 నెలలే. సాఫ్ట్‌వేర్ వాళ్లలా హెచ్-1బీకి మారదామంటే, మామూలు స్టాఫ్ నర్సు ఉద్యోగానికి బ్యాచిలర్ డిగ్రీ తప్పనిసరి కాదన్న కారణంతోనే ఆ వీసా సాధారణంగా కుదరదు. పొలం కుదువబెట్టి అప్పు తెచ్చి కట్టే ఫీజుకు 12 నెలల జీతం ఎక్కడ సరిపోతుంది?

ఆ ఏడాది కోర్సు నిజంగా అచ్చొచ్చేది అక్కడ ఇప్పటికే స్థిరపడ్డవాళ్లకు. భర్త హెచ్-1బీ మీద ఉండగా భార్యగా హెచ్-4 వీసా మీద వెళ్లిన బీటెక్ అమ్మాయి చదువుకోవడానికి అడ్డు లేదు. భర్తకు ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ పెట్టే దరఖాస్తు) ఆమోదం వచ్చి ఉంటే, 2015 నుంచి ఉన్న నిబంధన కింద ఆమె పని అనుమతి తీసుకోవచ్చు. వరుసగా ఏళ్లు ఖాళీగా ఉండి, కోడింగ్ మీద ఆసక్తి చచ్చిపోయిన మనిషికి ఇది గట్టి ప్రత్యామ్నాయం. సబ్జెక్టులు కమ్యూనిటీ కాలేజీలో పూర్తిచేసుకుని, ఆ రాష్ట్ర నర్సింగ్ బోర్డు ఆమోదించిన, సీసీఎన్ఈ లేదా ఏసీఈఎన్ గుర్తింపున్న కాలేజీ చూసుకుంటే చాలు. రక్తం చూస్తే కళ్లు తిరిగేవాళ్లు ముందు ఏదైనా నర్సింగ్ హోమ్‌లో సహాయకురాలిగా కొన్ని వారాలు ఉండి చూసుకోవడం మంచిది. పన్నెండు గంటలు నిలబడి చేసే పని అది.

ఇక ఇక్కడి జీఎన్ఎం సిస్టర్ సంగతి. పోస్ట్ బేసిక్ చేయాలని తేల్చుకుంటే, సర్కారు ఉద్యోగంలో ఉన్నవాళ్లు స్టడీ లీవు లేదా డెప్యుటేషన్ గురించి ముందే కదిలించాలి. ప్రైవేటులో ఉన్నవాళ్లు వారానికి రెండు నైట్లకు డ్యూటీ తగ్గించుకునే ఒప్పందం కుదిరితే, చదువుతున్న తేదీలు, పనిచేస్తున్న తేదీలు రికార్డులో ఒకదాన్నొకటి పొడవకుండా, పార్ట్ టైమ్ అనే రాయించుకోవాలి. కాలేజీ ఏ రాష్ట్రంలో ఉన్నా ఆ ఏడాదికి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ సూటబిలిటీ (తగిన కాలేజీల) జాబితాలో పేరుందో లేదో వెబ్‌సైట్‌లో చూసుకోవాలి. లేకపోతే ఆ రాష్ట్రం దాటి రిజిస్ట్రేషన్ మార్చుకునేటప్పుడు ఇరుక్కుంటారు. అన్నిటికంటే ముందు ఒరిజినల్ సర్టిఫికెట్లు. మధ్యలో మానేస్తామంటే మిగతా ఏడాది ఫీజు కూడా కట్టమని, కట్టేదాకా టెన్త్ మెమో నుంచి జీఎన్ఎం రిజిస్ట్రేషన్ దాకా బీరువాలో పెట్టి తాళం వేసే అలవాటు కొన్ని కాలేజీలకు ఉంది. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ చేతిలో లేని నర్సును ఇంకే ఆసుపత్రీ తీసుకోదు. చేరేరోజున ఒరిజినల్స్ చూపించి, జిరాక్సులు ఇచ్చి, వాళ్లు పట్టుబడితే ఏమేం తీసుకున్నారో, ఎప్పుడు తిరిగిస్తారో ముద్ర వేసిన రసీదు తీసుకున్నాకే ఫీజు కట్టాలి.